గుండ్లవాగు టీం ఎందుకు ఓడిపోయింది

ఏం టీం అది, సీతయ్యా! టీమేనా అది? ఆరు ఆటలు వరసబెట్టి గెల్చిండ్రు. పినపాకను కొట్టిండ్రు, మణుగూరును కొట్టిండ్రు. ఇగ ఈ ఏడు వాలీబాల్ కప్పు మన గుండ్లవాగుదే అని నేను ఉత్తరాలు పంచవోయిన ప్రతి ఇంట్ల చెప్పొచ్చిన. ఇప్పుడేమాయె? రెండాదివారాలు, రెండూ ఓడుడే! నిన్నయితే అట్టడుగున ఉన్న టీంతోని ఓడిండ్రు. ఎవరికి చెప్పుకుందం?

కూసో, కూసో. ఇన్‌లాండ్ కవరే గదా, ఇస్త. ఎటు పోతది? నాలుగేండ్లకు నా పోస్టాఫీసు గడప తొక్కినవ్. ఉండేది ఇదే ఊర్లె, ఉత్తరం ముక్క కొనాల్నంటే మాత్రం సైకిలేసుకొని పినపాక పోతవ్. నాకు తెల్వదనుకున్నవా? ఈ ఊర్లె ఎవరికి ఏడికెళ్ళి ఉత్తరం వస్తదో, ఎవరు ఏడ డబ్బాల ఏస్తరో నాకు తెల్వకుంటదా?

ఇయ్యాల ఎట్లొచ్చినవ్ మరి? సైకిల్ పంచరా? ఆఁ, గదే అనుకున్న. నా మీద ప్రేమతోటి వస్తవా నువ్వు!

ఉండు, తాళం చెవి ఏడ పెట్టిన్నో... పొద్దటి సంది గిట్లనే ఉన్నది నాకు. కూసుంటే లేవాలనిపిస్తది, లేస్తే కూసోవాలనిపిస్తది. చాయ్ పెట్టుకున్న, తాగలే. సంచి వచ్చింది, ఇంకా విప్పలే. చూడు, గట్లనే పడున్నది మూలకు.

నిన్న ఆటకు నువ్వు రాలే. నువ్వు ఎన్నడొచ్చినవ్ గనుక! నేను చెప్త ఇను. నీ జాగల ఇప్పుడు రెడ్యా ఆడుతున్నడు గదా, తండా పిలగాడు. బంతి లేపి షాట్ కొట్టేటోనికి అందిచ్చేది ఆయనే. మంచిగనే లేపుతడు. నిన్న రెండు బంతులు జర తప్పినయ్. అంతే, గట్టు మీదికెళ్ళి ఒకడు అరిసిండు. "ఏం రెడ్యా, చేతులకు ఆముదం రాసుకొచ్చినవా!"

అందరు నవ్విండ్రు. ఇగ బంతి లేసిన ప్రతిసారీ ఆముదం, ఆముదం!

ఆ మాట ఎవరిది, సీతయ్యా? యాదికున్నదా?

అవ్. నీకు లేకుంట ఎట్లుంటది. నిన్ను పట్టుకొని నేనన్న మాటే. ఎనభై ఆరుల. ఇప్పుడు ఊరంత దాన్ని సామెత లెక్క వాడుకుంటున్నరు.

రెడ్యా ఏం చేసిండో తెల్సా? రెండు చేతులు ఎత్తి ఒకసారి చూసుకున్నడు. చూసుకొని చెడ్డీకి తుడుసుకున్నడు. అచ్చం నువ్వు తుడుసుకున్నట్టే. ఆట సగంల లేసి వచ్చేసిన. పదకొండేండ్లల్ల నేను ఆట సగంల లేసి రావుడు అదే మొదలు.

కవర్ ఇస్తనయ్యా! ఇచ్చినంక నువ్వు నిలవడవు. జర ఇను. తర్వాత తిడుదువు గని.

ఎనభై ఆరుల మన టీం ఎట్లుండె! చెంచురామయ్య గారు గుంటూరు దిక్కునుంచి వచ్చి మిరప తోటలు ఏసినంక గదా మనకు నిజమైన నెట్టు, నిజమైన బంతి వచ్చినయ్. అంతకుముందు చేపల వల కట్టి ఆడేటోళ్ళు మీరు. ఆరు ఊర్ల టీంలు. ఒక్కొక్కరితోని రెండేసి సార్లు. దసరా అయినంక మొదలు పెడితే ప్రతి ఆదివారం ఆటే. పైన నిలిచిన రెండు టీంలకు ఫైనల్.

మన హాతీరాం లేస్తుండె సూడు! వాగవతల తండాలనుంచి రెండు కోసులు నడిసొచ్చి, కాళ్ళు కడుక్కొని, చెప్పుల్లేకుంట ఆడేటోడు. ఆయన గాలిల లేస్తే అవతలోళ్ళు బంతి సంగతి తర్వాత, ముందుగాల మొకం కాపాడుకునేటోళ్ళు. నువ్వు లేపుడు, ఆయన కొట్టుడు. ఇద్దరి నడుమ మాట ఉండేది కాదు. సైగ గూడ ఉండేది కాదు. నేను గట్టు మీద కూసోని అనుకునేటోణ్ణి, ఈ ఇద్దరు ఒక్క తల్లి కడుపున పుట్టాల్సినోళ్ళు, దారి తప్పి ఒకడు ఊర్లె, ఒకడు తండాల పుట్టిండ్రు అని.

మా ఇంటిది పోయి అప్పటికి నాలుగేండ్లు. పిల్లా లేదు, జెల్లా లేదు. సోమవారం నుంచి శనివారం దాక ఊరోళ్ళ ఉత్తరాలు మోసేటోణ్ణి. ఆదివారం ఒక్కటే నాది. నువ్వు నవ్వుతవేమో గని, మీరు గెల్చిన రోజు నాకు అన్నం రుచి తెలిసేది.

ఏడు ఆటలు గెల్చినం. ఏడు! యాదికున్నదా?

ఎనిమిదోది ఎందుకోడినం? తొమ్మిదోది ఎందుకోడినం? నువ్వు లిఫ్ట్ తక్కువ లేపినవ్ అని నేనన్న. ఊరన్నది. ఆఖరికి హాతీరాం గూడ అన్నడు. నువ్వు గూడ నమ్మినట్టున్నవ్, అందుకే గదా బంతి ముట్టుడే మానేసినవ్. జిల్లా టీంకు నీ పేరు రాసిచ్చిండు చెంచురామయ్య గారు, నువ్వు పోనన్నవ్. చేతులు మంచిగ లేవని చెప్పినవట.

నీ చేతులకేం కాలే, తమ్మీ. నీ లిఫ్ట్ ఎన్నడూ తప్పలే.

ఉండు, లేవకు. చెప్పనీ. ఆగితే మల్ల చెప్పలేను.

ఆ ఎండకాలం హాతీరాం ఫారెస్టు గార్డు నౌకరికి దరఖాస్తు పెట్టిండు. ఆ ఫారం నింపింది ఎవరు? నేనే! ఈ బల్ల మీదనే. వాళ్ళమ్మ సక్రి అగో, ఆ గడప కాడ కూసోని, "బాబూ, ఒక్కటంటే ఒక్క అచ్చరం తప్పు పోనియ్యకు, నా కొడుకు డ్రెస్సు ఏసుకుంటే నా కండ్లతోని చూడాలె" అన్నది. మంచిగ రాసిన. ముత్యాల లెక్క రాసిన.

హాతీరాం అప్పుడే ఒక మాటన్నడు నాతోని. "పగిడన్నా, పిలుపు వస్తే ఆ దినం నుంచి నేను బంతి ముట్ట. పరుగు పరీక్ష ఉంటది. కాలు మడత పడితే బతుకు పోతది" అని. న్యాయమే గదా. నేను గూడ అవ్ అన్న.

డిసెంబరు రెండు, మంగళవారం. ఏడో ఆట గెల్చిన మూడో రోజు. పదకొండు గంటల బస్సుకు సంచి వచ్చింది. విప్పి బల్ల మీద బోర్లిచ్చిన. అందుల సర్కారు కవర్. గోధుమ రంగుది. మీద హాతీరాం పేరు.

చింపలే. దేవుని మీద ఒట్టు, చింపలే. బంక మంచిగ అంటలే, ఒక మూలకు లేసున్నది. గోరు పెట్టిన... ఊడింది.

ఇరవై రెండో తారీఖు సోమవారం, పొద్దున ఏడు గంటలకు ఖమ్మంల హాజరు కావాలె. పరుగు, ఎత్తు, ఛాతీ కొలతలు. గెల్చినోళ్ళు అటునుంచి అటే ట్రైనింగుకు పోవాలె, బట్టలూ దుప్పటీ తెచ్చుకోవాలె. ఇదీ ఉత్తరం.

నేను ఏమనుకున్న? ఇంకా ఇరవై రోజులున్నయ్ గదా అనుకున్న. వచ్చే ఆదివారం ఒక్క ఆట గెలిస్తే ఫైనల్ ఖాయం. ఆ ఒక్క ఆట ఆడనీ, సోమవారం ఇద్దం. ఆరు రోజులే గదా, ఏం మునుగుతది? గట్లనుకున్న. సంచిలకెళ్ళి వచ్చిన ప్రతి కవర్ ఎనక అది వచ్చిన దినం తారీఖు ముద్ర కొట్టాలె, అది రూలు. దానికి కొట్టలే. బట్టల పెట్టెల పెట్టిన.

ఇగ చూడు ఏమైందో. ఆ గురువారమే పక్క తండా భీమ్లాకు ఉత్తరం వచ్చింది. అది వేరే పోస్టాఫీసు కింది ఊరు, నా చేతిల లేదు. భీమ్లా సంబరంగ సంతల చెప్పుకున్నడు. హాతీరాం చెవిన పడ్డది.

ఆ మర్నాటి నుంచి రోజూ వచ్చుడే! రోజూ, తమ్మీ! సంచి వచ్చే టైముకు అగో ఆ కిటికీ కాడ నిలవడేటోడు. "ఏమన్న వచ్చిందా పగిడన్నా?" "రాలే." "మంచిగ చూసినవా?" "చూసిన." ఒకరోజు సంచి నేనే తిరగేసి దులిపి చూపిచ్చిన. సంచిలకెళ్ళి ఇంత దుమ్ము రాలింది. ఆయన ఆ దుమ్ము దిక్కు చూసిండు. "నా దరఖాస్తుల ఏమన్న తప్పు పోయిందేమో అన్నా" అన్నడు.

ఏం చెప్పాలె నేను? "తప్పు పోలే, నేను రాసిన" అన్న. అదొక్కటే నిజం చెప్పింది నేను.

మనిషి మనుసు ఏడనో ఉంటే బంతి ఏడ కొడతడు? ఎనిమిదో ఆటల ఆయన లేసుడే మారిపోయింది. నువ్వు బంతిని అరటిపండు ఒలిచి చేతుల పెట్టినట్టు లేపి ఇస్తున్నవ్. ఆయన అర క్షణం ఆలిశంగ లేస్తున్నడు. నెట్టుకు కొట్టిండు. బయటికి కొట్టిండు. ఊరోళ్ళకు ఏం తెలుస్తది? వాళ్ళకు కొట్టేటోడు దేవుడు, లేపేటోడు నౌకరు.

నాకు తెల్సు. గట్టు మీద ఉన్న మూడు నూర్ల మందిల నాకొక్కనికే తెల్సు. తెల్సి గూడ లేసి అరిసిన. "ఏం సీతయ్యా, చేతులకు ఆముదం రాసుకొచ్చినవా!"

ఎందుకరిసిన్నో నాకే తెల్వదు. అందరు నీ దిక్కు చూడాలెనేమో. నా దిక్కు చూడొద్దనేమో.

ఓడినం. సోమవారం ఉత్తరం ఇద్దమనుకున్న గదా? ఇయ్యలే. ఇంకొక్క ఆట, ఇంకొక్క ఆట. తొమ్మిదోది గూడ పోయింది. ఆ రోజే గదా నువ్వు హాతీరాంను "ఏందిరా నీకు, ఒంట్లె బాగలేదా" అని అడిగితే ఆయన నిన్ను నూకిండు. "నువ్వు మంచిగ లేపు ముందు" అన్నడు. ఒక్క ముంతల కల్లు తాగినోళ్ళు మీరు. నేను పది గజాల దూరంల నిలవడి చూసిన.

ఏంది? అవ్, చెప్పాల్సి ఉండె. ఆ క్షణమే చెప్పాల్సి ఉండె. చెప్పలే.

ఇరవై ఒకటో తారీఖు, ఆదివారం. ఆఖరి లీగ్ ఆట. పినపాకతోని. వాళ్ళవి గూడ ఏడు గెలుపులే, ఎవరు గెలిస్తే వాళ్ళు ఫైనల్‌కు పోతరు. ఆ రోజు ఉత్తరం అంగీ జేబుల పెట్టుకొని వచ్చిన. ఇగ ఇచ్చేసుడే, గెలిచినా ఓడినా ఆట అయిపోంగనే ఇచ్చేసుడే అని ఒట్టు పెట్టుకున్న. సాయంత్రం ఐదు గంటలకు ఖమ్మం బస్సు. ఎక్కితే మర్నాడు ఏడింటికి ఆడ ఉంటడు. లెక్క సరిపోతది గదా!

మూడో గేమ్. పదమూడు పదమూడు. నువ్వు లేపినవ్. నిజం చెప్తున్న, గంత మంచి లిఫ్ట్ నేను ఎన్నడు చూడలే. హాతీరాం లేసిండు. పాత హాతీరాం! దబ్బున పడ్డది లైను మీద, సున్నం లేసింది. తర్వాతిది గూడ గంతే. గెల్చినం!

చెంచురామయ్య గారు పంచె ఎగ్గట్టి గంతులేసిండు. హాతీరాంను భుజాల మీద ఎత్తుకున్నరు. నిన్నెవరు ఎత్తుకోలే. నాకు యాదికున్నది, నువ్వు పోయి నెట్టు విప్పుతున్నవ్.

హాతీరాం కిందికి దిగి సీదా నా దగ్గరికి వచ్చిండు. చెమట కారుతున్నది. "గెల్చినం పగిడన్నా! నాకు మంచి రోజులొచ్చినయ్. రేపు ఉత్తరం గూడ వస్తదేమో గదా?" అన్నడు.

బస్సు వచ్చి స్టేజి కాడ ఆగింది. నాకు కనపడుతున్నది. డ్రైవరు దిగి చాయ్ తాగుతున్నడు. నా చెయ్యి జేబు మీదనే ఉన్నది. ఎనక చెంచురామయ్య గారు అరుస్తున్నడు, "వచ్చే ఆదివారం ఫైనల్! సారపాకోళ్ళతోని!" అని.

"వస్తదిలే" అన్న. గంతే. "వస్తదిలే, ఎటు పోతది" అన్న.

బస్సు హారన్ కొట్టి పోయింది.

ఆ రోజు మనం ఓడిపోయి ఉంటే ఇద్దును, సీతయ్యా. అన్నం తిన్నంత నిజం. ఓడిపోతే ఇగ ఆట లేదు గదా, ఇచ్చేటోణ్ణి. గెల్చినం. గెల్చినందుకు ఆ పిలగాని బతుకు పోయింది.

ఫైనల్ సంగతి నీకు నేను చెప్పాల్నా? పదిహేను ఆరు, పదిహేను నాలుగు. హాతీరాంకు తెలిసిపోయింది అప్పటికి, భీమ్లా ఖమ్మం పోయిండని, పరుగు గెల్చి ట్రైనింగుకు పోయిండని. కట్టె లెక్క నిలవడ్డడు కోర్టుల. నేను మాత్రం నిన్నే తిట్టిన. రెండో గేమ్‌ల నువ్వు బనీను ఇప్పి నేల మీద కొట్టి పోయినవ్. అదే నీ ఆఖరి ఆట.

సోమవారం పొద్దున ముద్ర తీసిన. దాని తారీఖు అంకెలు తిప్పిన, ఇరవై తొమ్మిది. కవర్ ఎనక కొట్టిన. ముద్ర జర చెదిరింది. వాగు దాటి తండాకు నేనే తీస్కపోయిన.

హాతీరాం చదివిండు. మల్ల చదివిండు. "ఇరవై రెండు అని ఉన్నది... ఇయ్యాల ఎంత అన్నా తారీఖు?" అన్నడు. సక్రి రొట్టె చేస్తున్నది. "వచ్చిందా కొడకా? వచ్చిందా?" అని పిండి చేతులతోనే ఉరికొచ్చింది. ఆయన "వచ్చిందమ్మా" అన్నడు. ఆమె నా కాళ్ళ మీద పడవోయింది. తమ్మీ, నా కాళ్ళ మీద!

మర్నాడు ఆయనతోని నేను గూడ ఖమ్మం పోయిన. ఎందుకు పోయిన్నో అడగకు. ఆడ గుమాస్తా కవర్ తిప్పి చూసిండు. "పోస్టుల లేటయింది, మేమేం చేస్తం, లిస్టు అయిపోయింది" అన్నడు. నా ముద్రను వేలు పెట్టి చూపిచ్చిండు.

వచ్చేటప్పుడు బస్సుల కిటికీ పక్కన కూసోని ఉన్నడు హాతీరాం. కొత్తగూడెం దాటినంక నా దిక్కు తిరిగి, "నువ్వేం మనుసుల పెట్టుకోకు అన్నా. నువ్వు గనుక చేతులతోని తెచ్చిచ్చినవ్. వేరేటోడైతే ఇంకా లేటు చేస్తుండె" అన్నడు. నన్ను ఓదార్చిండు!

ఇంకోటి ఇను. చెంచురామయ్య గారు కోపానికొచ్చి, పైకి కంప్లెయింట్ రాద్దాం, ఉత్తరం ఏడ ఆగిందో తేలుద్దాం అన్నడు. వద్దన్నది ఎవరు? హాతీరామే. "ఎంక్వయిరీ పెడితే పగిడన్న నౌకరికి వస్తది. ఆయన మంచిమనిషి" అన్నడట. నా నౌకరి గట్ల నిలవడ్డది.

ఇప్పుడు సారపాకల కాంట్రాక్టు కింద లారీలకు జామాయిల్ దుంగలు ఎత్తుతున్నడు. నీకు తెల్వదా? తెల్సు. మీకు మాటల్లేవు గని, తెల్వకుంట ఎట్లుంటది. భుజం ఊడొచ్చినట్టు అయితదట సాయంత్రానికి. మల్ల ఆ నౌకరీలు పడలే. నాలుగేండ్లాయె.

ఏమన్న అను, సీతయ్యా. గట్ల చూడకు. తిట్టు. కొట్టినా కొట్టు, తలుపు దగ్గరేస్త, ఎవరు చూడరు.

ఏంది? హాతీరాంకు ఎప్పుడు చెప్తవంటవా?

అది... చెప్దామనే. నిన్ననే చెప్దామనుకున్న. పోరగాళ్ళు ఓడుతున్నరని చెంచురామయ్య గారు కబురు చేస్తే నిన్న వచ్చిండు గదా సారపాక నుంచి. ఆట అయినంక కోర్టుల నిలవడి షాట్ ఎట్ల కొట్టాల్నో చూపిచ్చిండట. ఈ రెండు వారాలు రోజూ సాయంత్రం వస్తనన్నడట. పోరగాళ్ళకు పాణం లేసొచ్చింది.

అరే, ఎటు? కూసో... సరే, పో. నేను ఆపను. సారపాక పోతవా? పో, చెప్పు. నువ్వు చెప్తేనే మంచిది, నీకు ఆ హక్కున్నది. చెప్పాల్సిందే. నా నౌకరి పోతే పోనీ, నేను భయపడుడు దానికి గాదు.

అగో, కవర్ తీస్కో. పైసలొద్దు.

సీతయ్యా! ఒక్క నిమిషం...

ఇంకా రెండు ఆటలే ఉన్నయ్. వచ్చే ఆదివారందైతే గెలవాల్సిందే. ఆయన లేకుంటే పోరగాళ్ళు నిలవడరు.

ఆట అయినంక చెప్పరాదు, తమ్మీ?